మంచినీళ్ళ బావా, మరుగుగుంటా?

చిన్నప్పుడు బడి గంట కొట్టే వేళకే మా వీధి కుళాయికి నీళ్ళు వచ్చేవి. ఇంట్లో పెద్దపిల్లను కాబట్టి బిందెల వరసలో నేనే నిలబడేదాన్ని. అలా చదువు రాలేదు. ఐర్లండ్ వచ్చాక, యాభై దాటాక, మా అమ్మాయి దగ్గర తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఈ సంగతి ఇప్పటికి రాయగలుగుతున్నాను.

2023 వసంతం. ఐర్లండ్‌లోని నేస్ అనే ఊళ్ళో ఒక పాత వీధి. పురావస్తు తవ్వకాల బృందంలో నా పని వెట్ సీవింగ్, అంటే తవ్విన మట్టిని సన్నజల్లెడలో పోసి, నీళ్ళతో కడిగి, మిగిలినవి ఏరడం. పూర్వం ఊళ్ళలో జనం ఏ నీళ్ళు తాగారో, ఏం తిన్నారో అందులోనే తేలుతుంది.

ఆ వీధిలో మేం తవ్వకానికి వెళ్ళిన ఇల్లు మందుల ఫ్యాక్టరీ ఇంజినీరు సుజాతది. కారు ప్రమాదం తర్వాత ఆమె భర్త రవి మేడమెట్లు ఎక్కలేడు, ఉన్న టాయిలెట్ మేడ మీదే. ముందుగదిలో మంచం, పక్కనే కమోడ్ కుర్చీ. అతని కోసం కింద టాయిలెట్ కట్టిద్దామని పెరట్లో పునాది తీస్తే, చుట్టూ కొమ్మలు అల్లిన గుంట బయటపడింది. వందల ఏళ్ళనాటిది. మా పైఅధికారి మోరా పని ఆపించింది. బావి అయితే కదపకూడదంది. పెరట్లో ఇంకెక్కడా చోటు లేదు. సెస్‌పిట్, అంటే మరుగుగుంట అయితే, పూర్తిగా తవ్వి వివరాలు రాసుకున్నాక కట్టుకోనిస్తానంది.

సుజాత నా జల్లెడ దగ్గరకు వచ్చింది.

"ఆంటీ, మీరు మనవాళ్ళు. టాయిలెట్టే అని చెప్పేయండి, ప్లీజ్. ఆ కుర్చీ నేను కడుగుతున్నానని రవి నా మొహం చూడటం మానేశాడు."

"జల్లెడకి మన, పర లేవమ్మా."

"నిన్న పళ్ళగింజలు వచ్చాయిగా?"

"అవి పైమట్టిలోవి. పాడుబడ్డ బావిలోనూ చెత్త పోస్తారు. అడుగు మట్టి కడిగాకే ఏ మాటైనా."

మధ్యాహ్నం అడుగు మట్టి వచ్చింది. నీళ్ళు పోయగానే వాసన లేచింది. జల్లెడలో ఉండలు ఉండలుగా నాచు. ఆనాడు దొడ్డికెళ్ళాక కాగితం బదులు తుడుచుకోవడానికి అదే. దాన్నిండా కడుపులో అరగకుండా పోయిన బ్లాక్‌బెర్రీ గింజలు, తవుడు. మోరా భూతద్దంతో చూసి, "గ్రాండ్! ఇది మొదటినుంచీ మరుగుగుంటే" అంది.

సుజాత ముక్కు మూసుకుని, కళ్ళు తుడుచుకుంటూ అరిచింది. "రవీ! మన చోటు టాయిలెట్‌గా వందల ఏళ్ళ కిందటే పాసైందట!"

"ముందు ఆంటీని చేతులు కడుక్కోమను!" అన్నాడు రవి లోపలినుంచి.

ఆమె అడిగినప్పుడే అవునని చెప్పి ఉంటే నా మాట నిజమే అయ్యేది. కానీ అది ఊహ. అడుగు చూడకుండా మాట చెప్పకూడదని ఆ పెరట్లో నాకు గట్టిగా తెలిసింది.

అడుగుదాకా తవ్వింది గుంటలో ఒక సగమే; మిగతా సగమూ ఖాళీ అయ్యేదాకా మేస్త్రీలు కాంక్రీటు పోయడానికి లేదు. మర్నాడు పొద్దున్నే జల్లెడ పక్కన పెట్టి నేనే గుంటలోకి దిగాను. సుజాత సెలవు పెట్టి, పైనుంచి బకెట్లు అందుకుంది.