నాలుగో రాత కొస

శుక్రవారం పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టి ఫోన్ చూస్తే జగిత్యాల నుంచి కాక కూతురి మెసేజ్. "అన్నా, బాపు పోయిండు." కాక నాకు చుట్టం కాడు. రియాద్‌లో, సులై అనే పేటలో బోర్డులు రాసే మా దుకాణానికి పెద్ద పెయింటర్. నాకు కుంచె పట్టడం నేర్పినవాడు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ పనిదే. రెండేళ్ల కిందట ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లిపోయాడు. మాడు వాసన వచ్చేదాకా నేను ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

అరబీ, ఇంగ్లిష్ బోర్డులు రాసే మనిషికి చైనా రాత ఎలా అంటిందో చెప్పాలి. పక్క గోదాములో ఒక చైనా స్టోర్‌కీపర్ ఉండేవాడు. మధ్యాహ్నం విరామంలో కుంచెను నీళ్లలో ముంచి సిమెంటు గచ్చు మీద అక్షరాలు రాసుకునేవాడు. ఇక్కడి ఎండకు అక్షరం పూర్తయ్యేలోపే మొదటి గీత ఆరిపోయేది. మేమంతా నవ్వేవాళ్లం. కాక మాత్రం టిఫిన్ డబ్బా మూసేసి వెళ్లి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏళ్ల తరబడి అలా కూర్చుని నేర్చుకున్నాడు.

తర్వాత నన్నూ కూర్చోబెట్టాడు. నీరు అనే ఒక్క అక్షరాన్నే ఐదు తీర్లుగా రాసి చూపేవాడు. "ఇది ముద్రల రాత. ఏడ జూసినా ఒక్కటే లావు, పైపు వంచినట్టు. ఇది ఆఫీసోళ్ల రాత. ఎడల్పుగుంటది, కొస జూడు, ముసలోని మీసం లెక్క పైకి లేస్తది. మూడోది బడిరాత, గీతగీతకు ఆగాలె. నాలుగోది నడక రాత, గీతలు ఒకదాన్నొకటి అందుకుంటయి. ఐదోది గడ్డి రాత. నేర్వనోడు రాస్తే నిజంగనే గడ్డి!"

నాకు గడ్డి రాతే ముందు కావాలి. చూడటానికి దుమ్ము రేపినట్టుంటుందని. "నడక రాకముందే దుంకుతనంటే పండ్లు రాలుతయి తమ్మీ" అని కాక నన్ను మూడోదాని దగ్గరే కట్టేశాడు. ఆర్నెల్లకు విసుగొచ్చింది. అందరూ స్టిక్కర్ బోర్డులే పెట్టుకుంటున్నారు, ఇదెందుకని మానేశాను. కాక నన్ను ఆపలేదు. ఆపి ఉంటే బాగుండేది.

వెళ్లేముందు ఐదు రాతలూ ఒకే కాగితం మీద రాసి నా చేతిలో పెట్టాడు. గోడకు అంటించుకున్నాను. చూస్తే నాలుగోదాని కొసలో కుంచె ఆరిపోయి, నలుపు మధ్యన తెల్లటి చారలు. బోర్డు మీద రంగు మధ్య సందు కనిపిస్తే మా పనిలో పరువు పోతుంది. అది నేర్పిందీ కాకే. పాపం, పెద్దాయనకు కళ్లు ఆనలేదనుకున్నాను. సన్న కుంచెతో, ప్రేమగానే, ఆ చారలన్నీ నింపేశాను.

వారానికి ఆ స్టోర్‌కీపర్ చాయ్ తాగడానికి వచ్చి, గోడ చూసి కప్పు కింద పెట్టేశాడు. "యే కాలా తుమ్ కియా?" అన్నాడు, ఈ నలుపు నువ్వు పూసిందేనా అని. వచ్చీరాని హిందీలో వివరించాడు. ఆ తెలుపు లోపం కాదట, చెయ్యి ఆగకుండా సాగిన గుర్తట. రాసిన గీతను మళ్లీ ముట్టుకోకూడదట. నడక రాతలో అదే మొదటి పాఠమట. ఆ పాఠం దాకా నేను ఉంటే కదా.

ఫోన్ చేసినప్పుడల్లా కాక అడిగేవాడు.

"తమ్మీ, నాలుగోదాని కొసకు ఏం కనవడ్డది?"

"ఇంక చూస్తున్న కాకా."

"సూడు, తొందరేం లేదు. నీకే కనవడాలె, నేను చెప్పొద్దు."

నిజం చెబితే తిట్టేవాడు కాదు, నవ్వేవాడేమో. ఆ నవ్వు వినే ధైర్యం కూడా లేక రెండేళ్లు అబద్ధమాడాను. సిగ్గుగా ఉంది.

మొన్న ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, బాపు రాసిన చైనా రాత మా ఇంట్ల ఒక్కటన్న లేదు. నీ కాడున్నదట గదా, ఫోటో పంపవా?" పంపాను. జరిగింది కూడా టైప్ చేశాను, మళ్లీ చెరిపేశాను. సాయంత్రానికి ఆమె దాన్ని పెద్దగా ప్రింట్ తీయించి, దండ వేసిన కాక ఫోటో పక్కన నిలబెట్టి, నాకు చూపడానికి ఫోటో పంపింది. అందులో ఆమె వేలు నాలుగో అక్షరం కొస మీద ఉంది. కింద ఇలా రాసింది: "ఆఖరికి గూడ బాపు చెయ్యి ఎంత నిండుగున్నదో సూడు అన్నా."