నెట్టికంటప్పకు రాని రిపేరు

సండూరులో కంప్యూటర్లు బాగుచేసే నెట్టికంటప్ప కంప్యూటర్‌ను ముట్టుకునేవాడు కాదు. మిషన్ ఎవరిదైనా సరే, వాళ్లకే స్టూలు చూపించి, "నువ్వే నొక్కప్పా, నేను చెప్తా" అనేవాడు. తాను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

గనుల జోరు రోజులవి. లారీలు లేపే ఎర్రదుమ్ము కీబోర్డుల సందుల్లోనూ దూరేది. ఒక గని మేనేజరు వచ్చి, "ఫీజు నీకు, పని నాకా?" అని అరిచాడు.

"అరుద్దువులే సార్, ముందు ఆ దుమ్ము తుడువు."

మేనేజరు అరగంట తుడిచాడు. నెట్టికంటప్పది బద్ధకమని కొందరనేవారు, కరెంటు షాకు భయమని కొందరు. ఆయన చెయ్యి పడితే టీవీ కూడా పేలుతుందని భార్యే ఒట్టు వేయించుకుందని దోణిమలై కాలనీలో చెప్పుకునేవారు.

2009లో నేను ఇంజనీరింగు ఆఖరి ఏడు. నా ల్యాప్‌టాప్‌లో విండోసూ, లినక్సూ రెండూ ఉండేవి. ఆన్ చేయగానే ఏది కావాలని అడిగేది. నా ప్రాజెక్టంతా లినక్సులో ఉంది. మా అన్న విక్రమ్ లారీ పర్మిట్ల పనుందని విండోస్ మళ్లీ ఎక్కించాడు. అంతే, అడగడం మానేసి నేరుగా విండోస్‌లోకే పోతోంది. లినక్సు ఊసే లేదు. ప్రాజెక్టు ఎల్లుండి ఇవ్వాలి.

మా ఊరు బండ్రి నుంచి నెట్టికంటప్ప షాపుకు జీపులో తీసుకొస్తూ దారంతా, షాపులోకి వచ్చాక కూడా, మా నాయన కోదండరామి ఒకటే పాట. "చెడగొట్టుకున్యావు కదా! ఇంక ఉద్యోగం గిద్యోగం అన్యావంటే చూడు."

నెట్టికంటప్ప తెర చూసి నవ్వాడు. "ఇల్లు యాడికీ పోలేదు రాజశ్రీ. వాకిలి మింద బోర్డు పీకేసినారు, అంతే. ఈ సీడీ యెయ్యి."

"మీరే చేయండన్నా, నాకు భయం."

"నువ్వే నొక్కమ్మా."

సీడీతో లినక్సు తెరిచాను. నల్లటి తెర మీద ఆయన చెప్పిన ఆజ్ఞలు ఒక్కొక్కటీ కొట్టాను. రెండుసార్లు తప్పు పోయింది. ఆయన కదల్లేదు. చివరికి ఆపి, మళ్లీ ఆన్ చేస్తే... ఏది కావాలని అడిగింది! నా ప్రాజెక్టు భద్రంగా ఉంది.

నాయన నోరు తెరిచాడు. "ఏందప్పా చేస్తివి?"

"నేనేం చేసినా? నాకు ఈ రిపేరు రాదు. నోటికొచ్చింది చెప్తాంటే మీ పాపే సరిచేసుకునింది." షాపులో ఉన్న గిరాకీలంతా విన్నారు. ఆయన లెక్కచేయలేదు.

ఆ సాయంత్రమే లారీ స్టాండంతా నాయన గొంతే. "సండూరులో ఎవరికీ రాని రిపేరప్పా! మా పాప చేసింది." తెల్లారేసరికి ముగ్గురు లారీ ఓనర్లు ల్యాప్‌టాప్‌లతో మా గుమ్మంలో ఉన్నారు. ఉద్యోగం ఊసెత్తితే ఈసారి నాయన కాదనలేదు.

ఉద్యోగానికి బెంగళూరు వెళ్లే ముందు చెప్పిపోదామని షాపుకు వెళ్లాను. లోపల ఎవరూ లేరు. నెట్టికంటప్ప ఒక్కడే కూర్చుని, తెర కూడా చూడకుండా పది వేళ్లతో టకటకా కొడుతున్నాడు. అదే నల్లటి తెర, అవే ఆజ్ఞలు.

"అన్నా! ఈ రిపేరు మీకు రాదంటిరే?"

ఆయన ఉలిక్కిపడి, మెల్లగా నవ్వాడు.

"మీ నాయన ముందర రాదమ్మా."