జిన్నింగు మిల్లులో మూడు దెబ్బలు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. మా బజారులో తిరిగే దయ్యాల కథల్లో సగం నేను పుట్టించినవే, ఇంక నమ్మడమెలా? అందుకే ఈ ఒక్క నిజం చెప్పినా మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

డెబ్బైల చివర్లో, వరంగల్ స్టేషన్ దగ్గర మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు ఒకటి మా చేతికి వచ్చింది. పడగొట్టి కొత్తది కట్టమన్నారు అందరూ. ఆ రాతిగోడలు, టేకు దూలాలు చూస్తే నాకు మనసొప్పలేదు. బాగుచేసి కింద దుకాణాలు, పైన మా కాపురం అనుకున్నాను.

కూలీల్లో నలుగురు ఆడవాళ్లు ఒకప్పుడు ఆ మిల్లులోనే పత్తి ఏరినవాళ్లు. వాళ్లలో పెద్దది లచ్చవ్వ. ఆ రోజుల్లో యంత్రం తిప్పేముందు, వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద మూడు దెబ్బలు కొట్టేవారట. వినగానే చేతిలో పని వదిలి, కొంగు బిగించి, వీధి వైపు గోడకు ఆనుకుని నిలబడాలి. బెల్టులో కొంగు చిక్కితే మనిషి దక్కదు.

ఆ పట్టా ముక్కను వారం ముందే పాత ఇనుము బండిలో నేనే వేయించాను.

హాలు నడుమ ఒక గోడ. యంత్రాలు తిప్పే పొడవాటి ఇరుసును అదే మోసేది. ఇరుసు తీసేశాం కాబట్టి ఇక దాని మీద బరువేమీ లేదనుకున్నాం, మేస్త్రీ కొమురయ్యా నేనూ. ఎప్పుడో మరమ్మతులో పైకప్పు దూలం కొసను దాని మీదే ఆనించారని తెలియదు. కప్పు కింద కొట్టిన చెక్క పలకల చాటున అది కనబడలేదు. ఆ పొద్దున దుకాణాలకు దారి కోసం గోడలో పెద్ద కంత కొట్టించాం.

మధ్యాహ్నం చల్లగా ఉందని దాని పక్కనే సద్దులు విప్పాం. ములుగు అడవిలో నేను పులికి బీడీ ఇచ్చిన సంగతి చెబుతున్నాను.

"అగ్గిపెట్టె అడగలేదా సేటూ?" అన్నాడు కొమురయ్య.

అప్పుడే మోగింది. ఇనుము మీద ఇనుము, మూడు దెబ్బలు.

ఆడవాళ్లు నలుగురూ ముద్ద వదిలేసి, కొంగులు బిగించి వీధి గోడ దగ్గరికి ఉరికారు. మేమిద్దరం నవ్వుతూ కూర్చున్నాం. లచ్చవ్వ వెనక్కి వచ్చి నా అంగీ పట్టి ఈడ్చింది.

"లే సేటూ! నువ్వు సుత లేవు మేస్త్రీ!"

"అన్నం తిననియ్యవా అవ్వా?"

"బతికుంటె తిందువు తియ్!"

వీధి గోడను తాకామో లేదో, దూలం పెంకులతో సహా కూలింది. దుమ్ము తగ్గాక చూస్తే, మేం కూర్చున్న చోట టిఫిన్ డబ్బాలు రేకుల్లా అణిగిపోయి ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఆరా తీశాను. మాలో అందరి చేతులూ అన్నంలోనే ఉన్నాయి. పక్కన చాయ్ హోటలు వాళ్లు దూలం పడ్డ చప్పుడే విన్నారు. కొమురయ్యది రఘునాథపల్లి, నడిచే రోజుల్లో ఆ మిల్లు ముఖమే ఎరగడు. అతనూ సరిగ్గా మూడు విన్నాడు.

"ఎవరు కొట్టిండ్రే అవ్వా?" అన్నాను.

"ఎవరు కొడితేంది? లెవ్వుమన్నరు, లేసినం."

ఆ దూలం మళ్లీ ఎత్తించాం, ఈసారి కింద స్తంభం నిలిపి. దాని కిందే ఇప్పుడు నా పిల్లలు నిద్రపోతారు. ఆ చప్పుడు ఎక్కడిదో మాత్రం ఇవాళ్టికీ నాకు అంతు చిక్కలేదు.

దండం ఎటు తిరిగి పెట్టాలో తెలియక గృహప్రవేశం నాడు లచ్చవ్వకే పెట్టాను. కాళ్లు వెనక్కి లాక్కుని కసిరింది: "నాకెందుకయ్యా? నేను సుత ఇని ఉరికినదాన్నే."