ఎవరూ ఎత్తని జెండా

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు జ్వరం చూడండి, తాయెత్తు సంగతి తర్వాత చూద్దాం అనే రకం నేను. మా నాగర్‌కర్నూలులో మూతపడిన బియ్యం గిర్ని వెనక సందులో తెల్లచీర కనిపిస్తుందని చిన్నప్పుడు అందరూ చెప్పేవాళ్లు. నేను ఆ సందులోంచే ట్యూషన్‌కు పోయేవాణ్ని. నాకు కనిపించినవి పందులు, అంతే.

ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ రాజోలి దగ్గర తుంగభద్ర ఒడ్డున ఒక సంగతి జరిగింది. అది దయ్యం పని అని నేను అనను. మరేమిటో మీరే చెప్పండి.

ఊళ్లలో సెల్ టవర్లు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. నేను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. నది నుంచి చేలకు నీళ్లు ఎత్తిపోసే పంపుహౌసుల్లో మేము ఒక పెట్టె బిగించేవాళ్లం. లోపల అరచేయంత బోర్డు, ఒక సిమ్ కార్డు, కరెంటు పోయినా ఆగకుండా ఒక బ్యాటరీ. కరెంటు వచ్చిందా, మోటారు తిరుగుతోందా అన్న సంగతి గద్వాలలో మా ఆఫీసు తెరకు చేరేది. గద్వాలలో మీట నొక్కితే రాజోలిలో మోటారు తిరిగేది. అప్పట్లో అది పెద్ద వింత. జనం వచ్చి చూసి పోయేవాళ్లు.

ఆ బోర్డులో ఒకేసారి నాలుగైదు పనులు నడుస్తుంటాయి. ఒకటి టవరుతో లైను కలుపుతుంది, ఒకటి వచ్చిన మాటను చదువుతుంది, ఒకటి మోటారును చూస్తుంది. తన వంతు అయిందని ఒక పని ఇంకో పనికి చెప్పాలంటే మధ్యలో ఒక గుర్తు లేపుతుంది. వాటిని ఈవెంట్ ఫ్లాగులు అంటారు. గద్వాల స్టేషన్లో గార్డు పచ్చజెండా ఊపితే డ్రైవరు బండి తీస్తాడు కదా, అదే లెక్క.

ఆ భాగమంతా రాసింది సుల్తానా ఆపా. వనపర్తి మనిషి. నాకంటే వయసులోనూ పనిలోనూ పెద్దది, అందుకే అక్క అన్నట్టు ఆపా అని పిలిచేవాణ్ని. ఆమె దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టమని ఇప్పుడు కూడా నలుగురిలో చెప్తాను.

మిగతావాళ్లం జెండాలకు తోచిన పేరు పెట్టేవాళ్లం. రెడీ అని ఒకటి, డన్ అని ఒకటి. ఆపాకు ఒళ్లు మండేది. ఎవరు రెడీ, దేనికి రెడీ, పెళ్లికా అని అడిగేది. ప్రతి పేరు పక్కన దాన్ని ఎత్తేది ఎవరు, దించేది ఎవరు అని రాయాల్సిందే. ఖాళీ వదిలితే ఆ రోజు చాయ్ దక్కేది కాదు. పేర్లు కూడా మన పాలమూరు మాటలోనే పెట్టేది. అక్షరాలు ఇంగ్లీషువి, మాట మనది. కరెంటొచ్చింది. లైను పోయింది. మాట అందింది. హైదరాబాదులో పెద్దసార్లు చూసి నవ్వారు.

నేనూ ఒకసారి ఆమెతో గట్టిగానే వాదించాను. పేరులో ఏముంది ఆపా, బోర్డుకు అన్నీ ఒకటీ సున్నాలే కదా అన్నాను.

"బోర్డుకు గాదు తమ్మీ, మనిషికి" అంది. "జెండా వార్త చెప్పాలె, హుకుం చెయ్యొద్దు. ఏమైందో చెప్తె సాలు. ఏం చెయ్యాల్నో చూసెటోడు చూసుకుంటడు."

ఆ మాట విలువ వానాకాలంలో తెలిసింది. రాజోలి పంపు ఆపరేటరు నర్సిములు ఫోన్ చేసి, పెట్టె మీది చిన్న తెరలో ఏముందో కూడబలుక్కుంటూ చదివాడు. లైను కలిసిందట, మాట మాత్రం అందలేదట. తప్పు ఎక్కడుందో నాకు కూర్చున్నచోటే అర్థమైంది. లేకపోతే బస్సెక్కి, బురదలో నడిచి, అక్కడికి పోయి తల పట్టుకోవాల్సిందే. శెభాష్ ఆపా అనుకున్నాను.

పెట్టె బిగించడానికి మొదటిసారి రాజోలి పోయినప్పుడు ఆపా కూడా వచ్చింది. అక్కడ మోటారు పక్కనే లోతైన బావి. నది నీళ్లు అందులోకి వస్తాయి. పైపు అడుగున ఇనుప జాలి ఉంటుంది. దానికి నాచు, చెత్త పడితే నర్సిములు దిగి, మునిగి తీయాలి. ఆ సమయంలో ఎవరైనా మోటారు వేస్తే జాలి చేతిని పట్టేస్తుంది. మనిషి ఇక పైకి రాడు. అందుకని దిగే ముందు నర్సిములు తన ఎర్ర తువ్వాలను స్టార్టరు పిడికి వేలాడేస్తాడు. పైకి వచ్చాక తానే తీస్తాడు. అది ఉన్నంతసేపు ఊళ్లో ఎంత పెద్దమనిషి వచ్చినా ఆ పిడి ముట్టడు.

ఆపా ఆ తువ్వాలను చాలాసేపు చూసింది. ఎత్తేది ఎవరో తెలుసు, దించేది ఎవరో తెలుసు, చూసినవాడికి అడగకుండానే అర్థమవుతుంది, ఇంతకంటే మంచి జెండా నేను రాయలేదు అంది. తిరిగి వచ్చాక బోర్డులో మిగిలిన ఒక ఖాళీ జెండాకు పేరు పెట్టింది: కింద మనిషున్నడు. స్టార్టరు పక్కన తువ్వాలకు ఒక కొక్కెం పెట్టి, దానికి చిన్న స్విచ్చి బిగిస్తే గద్వాలకు కూడా తెలుస్తుందని ఆమె ఆలోచన. స్విచ్చి తర్వాత చూద్దాంలే అన్నారు పైవాళ్లు. పేరు మాత్రం బోర్డులో ఉండిపోయింది. దాన్ని ఎత్తే పనీ రాయలేదు, దించే పనీ రాయలేదు. ఆపా తన జీవితంలో ఖాళీ వదిలిన చోటు అదొక్కటే.

మరుసటి ఎండాకాలం ఆపా పోయింది. కామెర్లు. దవాఖానలో చూడటానికి పోతే, స్విచ్చి పెట్టించావా అనే అడిగింది. వనపర్తిలో మట్టి ఇచ్చి వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. ఆమె కుర్చీలో నన్ను కూర్చోమన్నారు. చాన్నాళ్లు కూర్చోలేకపోయాను.

ఇది జరిగింది ఆ తర్వాత పంటకు. నేను గద్వాల ఆఫీసులో ఉన్నాను. మిట్టమధ్యాహ్నం. రాజోలిలో పొద్దున పోయిన కరెంటు సాయంత్రానికి గానీ రాదన్నారు, కానీ అనుకోకుండా ముందే వచ్చింది. వరి ఎండుతోందని రైతులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేస్తున్నారు. నర్సిములుకు ఫోన్ కొట్టాను. ఎత్తలేదు. అది మామూలే, చేను వైపు పోతే చొక్కా, అందులోని ఫోన్ పంపుహౌసులోనే వదిలేస్తాడు. సరే, మనమే వేద్దామని మీట మీద వేలు పెట్టాను.

తెర మీద రోజూ కనిపించే మాటలే ఉన్నాయి. కరెంటొచ్చింది. లైను కలిసింది. మాట అందింది. వాటి కింద ఇంకొకటి.

కింద మనిషున్నడు.

నా వేలు అట్లాగే ఆగిపోయింది. స్విచ్చి లేదు, వైరు లేదు. ఆ మాట తెర మీదికి రావడానికి దారే లేదు. అయినా అంత స్పష్టంగా రాసి ఉన్న మాటను చదివి మీట నొక్కడానికి నాకు మనసు రాలేదు. మళ్లీ ఫోన్ కొట్టాను. ఈసారి నర్సిములు భార్య మణెమ్మ ఎత్తింది. అన్నం సద్ది తెచ్చి అప్పుడే వచ్చిందట.

నర్సిములు ఏడీ అని అడిగాను.

"బావిల దిగిండు సారూ. కరెంటు లేదు గదా, జాలి సాఫ్ చేస్తనని పోయిండు. తువ్వాల ఈడనే ఉంది."

మీటకు దూరంగా కుర్చీ వెనక్కి జరిపాను. తువ్వాల ఉంది, ఎప్పటిలాగే ఉంది. రాజోలిలో అందరికీ కనిపిస్తుంది. గద్వాలకు కనిపించదు. ఆ మనిషి తన తువ్వాలను నమ్మి దిగాడు. నేను నా తెరను నమ్మి నొక్కబోయాను.

ఆయన్ని పైకి పిలువమ్మా, జల్ది అన్నాను. ఆమె బావిలోకి కేకేయడం ఫోన్లో వినిపించింది. నేను తెర మీద నుంచి చూపు తిప్పలేదు. కొంతసేపటికి ఆమె గొంతు మళ్లీ వచ్చింది.

"ఎక్కొచ్చిండు సారూ. ఏమైంది, గంత పరేషానైతున్నరు? అగో, తువ్వాల తీసి తల తుడుసుకుంటుండు."

ఆ మాటతోపాటే తెర మీది నాలుగో మాట పోయింది. మిగతా మూడూ అట్లాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే రాజోలి పోయి పెట్టె విప్పాను. ఆ జెండాకు కేటాయించిన చోట వైరు లేదు, వైరు బిగించే స్క్రూ మీద దుమ్ము కూడా చెదరలేదు. ప్రోగ్రాం మొత్తం వెతికాను. ఆ పేరును ఎత్తే వాక్యం ఒక్కటీ లేదు. కరెంటు వచ్చిన ఊపుకు బోర్డులో గడబిడ జరిగిందనుకుందాం, జరుగుతుంది. మరి అన్ని జెండాల్లో అదే ఎందుకు లేచింది? పోనీ, లేచిందే అనుకుందాం. తువ్వాల తీసినప్పుడు దాన్ని దించింది ఎవరు? నర్సిములు చేత తువ్వాలను పొడిగా వేలాడేయించాను, తడిపి వేలాడేయించాను, మోటారు ఆపీ వేసీ చూశాను. తెర మీద ఏమీ రాలేదు. నర్సిములుకు విసుగొచ్చింది.

"ఇడిసిపెట్టు సారూ" అన్నాడు. "మేడమ్ నా తువ్వాలను గప్పుడే సూసి పెట్టుకుంది."

ఆ శుక్రవారం మణెమ్మ ఆపా పేరు మీద దర్గాలో ఫాతెహా ప్రార్థన చదివించింది. నన్నూ రమ్మంది. నమ్మకం లేకపోయినా పోయాను. ప్రసాదంగా మలీద పెడితే కళ్లకద్దుకుని తిన్నాను.

ఒక్కటి మాత్రం నాకు తెలుసు. ఆ రోజు ఆ జెండాను ఎత్తింది గడబిడే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దానికి మాలాంటివాళ్లం స్పేర్ అని పేరు పెట్టి ఉంటే, ఇదేదో చెత్త అనుకుని మీట నొక్కేవాణ్ని. నా వేలును ఆపింది ఆపా పెట్టిన పేరు. అందులో అనుమానం లేదు.

ఆ నెలలోనే పైవాళ్లతో కొట్లాడి స్విచ్చి తెప్పించాను. కొక్కెం నేనే బిగించాను. తర్వాత ఆపా కుర్చీలో కూర్చుని, ప్రోగ్రాంలో ఆమె వదిలిన ఖాళీ నింపాను. ఎత్తేది, దించేది: తువ్వాల కొక్కెం. అంతటితో ఆపితే సరిపోయేది. కానీ అంతకుముందు ఒకసారి అది లేచి దిగింది కదా, ఆ లెక్క కూడా ఉండాలి. ఖాళీ వదిలితే ఆపా ఊరుకోదు. ఆమె పేరే రాద్దామని చేయి పోయింది, రాయలేకపోయాను. నిజం రాయాలి కాబట్టి దాని కింద ఇంకో వరుస చేర్చాను. అంతకుముందు ఒకసారి ఎత్తింది, దించింది: తెల్వదు.