బావ తిన్నగా సర్దిన మాత్రికలు

మా ఆఫీసులో మా బావని అందరూ రసమట్టం అంటారు. గోడ మట్టంగా వచ్చిందో లేదో చూసుకోవడానికి తాపీమేస్త్రీలు పెట్టి చూసే గాజుబుడగ కర్ర అది. బావకి ఆ కర్రతో పనిలేదు, కళ్ళే చాలు. లెక్కల పుస్తకాలకు అక్షరాలు కూర్చడం ఆయన వృత్తి. అక్క మొగుడు కాబట్టి, మరదలిగా ఆయన్ని వెక్కిరించే హక్కు నాకు వాళ్ళ పెళ్ళితోనే వచ్చింది. ఆయన కూర్చిన పేజీలకు ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికాక ఆ హక్కు రెట్టింపైంది. ఇన్నేళ్ళూ దాన్ని బాగానే వాడుకున్నాను. ఈమధ్యే నోరు రావడం లేదు. ఆయన చూపు పోతోంది. ఆ సంగతి అక్కకన్నా ముందు, డాక్టరుకన్నా ముందు, ఆయన కూర్చిన మాత్రికలు నాకు చెప్పాయి.

ఈ పని తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మాత్రిక అంటే అంకెలు అడ్డంగా, నిలువుగా బారులు తీరి, రెండు పక్కలా బ్రాకెట్ల మధ్య నిలబడేది. దాన్ని ఉత్తరం టైపు చేసినట్టు చేస్తే కుదరదు. మేం ఆదేశాలు రాస్తాం: ఇక్కడ మాత్రిక మొదలు, ఇక్కడికి ఒక గడి, ఇక్కడికి ఒక వరుస, ఇక్కడితో సరి. గడికీ గడికీ మధ్య ఒక అండ్ గుర్తు, వరుస చివర రెండు ఏటవాలు గీతలు. సమీకరణం నాలుగైదు వరుసలు సాగితే ప్రతి వరుసలోనూ సమానం గుర్తు ముందు అండ్ పెడతాం. అప్పుడు ఆ గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా నిలబడతాయి. రాసింది తెరలో ఒక సగంలో ఉంటే, అచ్చులో ఎలా వస్తుందో రెండో సగంలో కనిపిస్తుంది. కొలతలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది.

ఈ పనిలో బావది ఒకటే శాసనం. చేత్తో జరపకూడదు. కొత్తగా చేరినవాళ్ళు గడి కాస్త పక్కకి పోయినట్టు అనిపించగానే ఇంత ఖాళీ పెట్టు, అంత పైకి లేపు అని ఆదేశాలు దూరుస్తారు. ఆయన వెనకనుంచి చూసి, "గుర్తు పెట్టడం వరకే నీ పని. సర్దుకోవడం దాని పని. కొత్తకోడలి వంటలో అత్తగారిలా వేలు పెట్టకు," అనేవాడు.

సీసపు అక్షరాల రోజుల్లో ప్రెస్సులో చేరిన మనిషి. అప్పట్లో మాత్రిక కూర్చాలంటే పట్టకారుతో సన్నటి రేకులు ఒక్కొక్కటే దూర్చాలట. మొదటిసారి మా ఇంటికి వచ్చినరోజు, కాఫీ గ్లాసు అందుకోబోతూ ఆగి, లేచి వెళ్ళి, గోడమీద వంకరగా ఉన్న క్యాలెండరు సర్ది వచ్చి కూర్చున్నాడు. "పిల్లవంక చూస్తాడనుకుంటే గోడవంక చూశాడు," అని మా అమ్మ బతికున్నంతకాలం చెప్పుకుని నవ్వింది.

మొన్న చలికాలంలో మాత్రికల మీదే ఒక పెద్ద పుస్తకం వచ్చింది. రాసినావిడ రిటైరైన ప్రొఫెసరు. బావ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని షరతు పెట్టి మరీ ఇచ్చింది. మూడో అధ్యాయం ప్రూఫు నా బల్లమీదికి వచ్చాక చూద్దును కదా, ఒక మాత్రికలో మధ్య వరుస గూని వచ్చినట్టు పైకి లేచి ఉంది. ప్రింటరు కాగితాన్ని ఈడ్చిందేమో అనుకున్నాను. ప్రింటరు దగ్గరుండే కుర్రాణ్ణి నాలుగు తిట్టి మళ్ళీ తీయించాను. మళ్ళీ అదే గూని. తర్వాత పేజీలో పట్టికకీ అదే. ఎక్కడ చూసినా మధ్యలోనే, ఎప్పుడూ పైకే.

కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఏంటి బావా, మీ మాత్రికలకి నడుం నొప్పా?" అన్నాను.

ఆయన కాగితం అందుకుని, మెడ ఒక పక్కకి తిప్పి, చాలాసేపు చూశాడు. "బాగానే ఉందిగా," అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని మొహంలోకి చూశాను. నవ్వు లేదు.

నా చోటికి వచ్చి ఆయన రాసిన ఫైలు తెరిచాను. ప్రతి మాత్రికలోనూ చేత్తో జరిపిన ఆదేశాలు! ఈ వరుసని రెండు పాయింట్లు లేపు, ఈ గడిని ఒక పాయింటు లేపు, ఇక్కడ ఇంకొంచెం. పాయింటంటే మిల్లీమీటరులో మూడోవంతు. ఎవర్నీ వేలు పెట్టనివ్వని మనిషి పేజీ పేజీకీ పదివేళ్ళూ పెట్టాడు. అప్పుడు ఒక్కొక్కటే తట్టాయి. మెడ పట్టేసిందంటూ కొన్నాళ్ళుగా తల పక్కకి తిప్పి కూర్చోవడం. ఎదురుగా నేను వస్తుంటే ఎవరోనన్నట్టు దాటిపోవడం. కప్పు గురి తప్పి టీ సాసరులో పోసుకోవడం.

భోజనాల వేళ మెట్ల దగ్గర నిలేశాను. ముందు కొత్త తెర బాగాలేదన్నాడు, తర్వాత అద్దాలు మార్చాలన్నాడు. నేను దారి వదల్లేదు.

"మధ్యలో కుంగుతోందే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "వరుస అటూ ఇటూ బాగానే ఉంటుంది, మధ్యకొచ్చేసరికి బావిలోకి దిగినట్టు దిగిపోతుంది. కాస్త లేపితే తిన్నగా వస్తోంది."

"ఎప్పట్నుంచి?"

భోజనం క్యారియరు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"అక్కకి తెలుసా?"

"చెప్పకు. ఈ పుస్తకం పంపించేదాకా ఆగు. డాక్టరు దగ్గరికి వెళితే పని మానమంటాడు. మానేసి ఏం చెయ్యను? ఇది తప్ప నాకేమొచ్చు? చూపులేని రసమట్టాన్ని ఎవడుంచుకుంటాడే?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డం లేదనుకుంటుందట. ఈయన ఉన్న కళ్ళు పోగొట్టుకుంటూ ఎవరికీ తెలియదనుకుంటున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. కానీ మా అక్క ఆ మొండివాడికే పెళ్ళాం. ఆయన ఎదుటే ఆవిడకి ఫోన్ చేశాను.

మర్నాడు ముగ్గురం కంటి ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక గలది. ముందు కుడికన్ను మూసి ఎడమ కంటితో చూడమంది. ఆ కంటికి మధ్యలో నల్లటి మరక తప్ప ఏమీ లేదు. అది ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నన్నాళ్ళూ కుడికన్నే దాని పనీ చేసేసింది. తర్వాత ఎడమకన్ను మూసి, ఒక గళ్ళ కాగితం ముందు పెట్టింది. అడ్డగీతలు, నిలువుగీతలు, మధ్యలో చుక్క.

"చుక్క వైపే చూస్తూ ఎలా ఉందో చెప్పండి," అంది.

బావ ముందుకు వంగాడు. మొహంలో ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. తెలిసిన పని దొరికింది కదా. "ఎవరు కట్టారమ్మా ఈ పట్టిక? మధ్యలో అడ్డగీతలన్నీ కిందికి జారిపోయాయి. నిలువువి కూడా కలిసిపోతున్నాయి. ఇలాంటిది ఎలా అచ్చేశారు?"

డాక్టరమ్మ మావైపు ఒకసారి చూసి, మెల్లగా అంది. "గీతలన్నీ తిన్నగానే ఉన్నాయండీ."

ఆయన అక్కవైపు తిరిగాడు. అక్క కాగితం చూసి తలూపింది. నావైపు తిరిగాడు. నేనూ తలూపాను. చూపు తగ్గిందని తెలిసినా, వంకర మాత్రం కాగితంలోనో, తెరలోనో, ప్రింటరులోనో ఉందని అప్పటిదాకా నమ్ముకున్న మనిషి ఆ మాటతో కూలబడిపోయాడు. కుడికంటి వెనక పొరలో నెత్తురు ఊరి ఉబ్బిందనీ, ఇంకొన్ని నెలల ముందే వచ్చి ఉంటే సూదిమందుతో ఆ చూపు చాలావరకు నిలబెట్టేవాళ్ళమనీ, ఇప్పుడు అంచుల్లో చూపు మిగులుతుందేమో గానీ మధ్యది నమ్మకం లేదనీ డాక్టరమ్మ చెప్పింది.

బయటికి రాగానే అక్క ఏడవలేదు, విరుచుకుపడింది. "ఇంట్లో నేను మేకు కాస్త వంకరగా కొడితే ఇల్లు పీకి పందిరేసే మనిషివి! నీ కన్ను వంకరపోతే నాకు చెప్పవా? నాకా చెప్పనిది?" అంటూ ఆయన భుజం పట్టుకుని కుదిపేసింది. తర్వాత అదే భుజంమీద తలపెట్టుకుని కూర్చుండిపోయింది. వరండాలో వాళ్ళంతా చూస్తున్నారు.

బావ కంటిగురించి ఒక్క మాట అడగలేదు. కాసేపటికి నా చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు. "అయితే ఆ పుస్తకంలో నేను సరిచేసినవన్నీ..." అని ఆగిపోయాడు.

సూదిమందు వేశారు, మళ్ళీ వేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. వసంతం వచ్చేసరికి అక్క మొహంలో ఆయనకి అంచులు తప్ప మిగతాది కనిపించడం మానేసింది. ఎదుటివాళ్ళని చూడాలంటే వాళ్ళ చెవిపక్కకి చూడాలి. మా ఓనరు చెడ్డవాడు కాదు. ఈ పుస్తకం అయ్యేదాకా వచ్చి కూర్చోమన్నాడు. ఆ తర్వాత సంగతి ఎత్తలేదు, బావా ఎత్తలేదు. ఆయన బల్లమీది పట్టకారు, పాత ఇత్తడి స్కేలు మాత్రం ఒక సాయంత్రం సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. పక్కన స్టూలుమీద ఆయన. ఫైలులో ఆదేశాలు పైకి చదువుతాను. ఆయన చెవొగ్గి వింటాడు.

"రెండో వరుస, రెండు పాయింట్లు పైకి."

"తీసెయ్."

"మూడో గడి, ఒక పాయింటు పైకి."

"తీసెయ్."

తన చేత్తో తిన్నగా చేశానని మురిసిన ప్రతిదాన్నీ తన నోటితోనే తీయించడం ఎంత నరకమో పక్కన కూర్చున్న నాకు తెలుసు. ఎక్కడా నేను తొందరపెట్టలేదు, ఆయనా ఒక్కటీ వదిలిపెట్టలేదు. అలా చివరి అధ్యాయం చివరి మాత్రిక దాకా వచ్చాం. అన్నిటికన్నా పెద్దది, పేజీ నిండా ఉంది. ఆఖరి ఆదేశం తీసేసి, తెర నిండా పెద్దది చేసి పెట్టాను.

"ఎలా ఉంది?" అన్నాడు.

"తిన్నగా ఉంది బావా."

ఆయన స్టూలు ముందుకు జరుపుకుని, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వెళ్ళి, తల అటూ ఇటూ తిప్పుతూ అంచున మిగిలిన చూపుతో వెతుక్కున్నాడు.

"నాకు మధ్యలో కుంగిపోయే ఉంది," అన్నాడు.

స్టూలు వెనక్కి లాక్కున్నాడు.

"అయితే సరిగ్గానే వచ్చినట్టు," అన్నాడు బావ. "పంపించెయ్."