తుమ్మలచెరువులో ముప్పైయొక్క వేపకొమ్మలు

1962లో అచ్చయిన చేపల పెంపకం పథకం నివేదిక ఒకటి నా ట్రంకుపెట్టెలో ఉంది. నలభై పుటలు, నీలి అట్ట. పదిహేడో పుటలో ఈ వాక్యం కనిపిస్తుంది: "ఒక స్థానిక కూలీ సహాయంతో కొర్రమట్ట గూళ్లను గుర్తించి, పిల్లలను కాచుచున్న తల్లి చేపలను తొలగించడమైనది." ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలు. ఆ మనిషి కూలీ కాడు. ఆ చేపలు తల్లులు కావు. రాసినవారికి ఈ రెండు సంగతులూ తెలుసు.

ఆ మనిషి పేరు అంజన్న. కేతేపల్లికి రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊరి బెస్తవాడకు పెద్ద. తుమ్మలచెరువులో ఎప్పుడు వల దించాలో, ఎప్పుడు ఆపాలో అతని నోటి నుంచి మాట రావాలి. తండ్రి తరువాత ఆ పెద్దరికం అతనికి వచ్చింది. వాడలోని ఇరవై రెండు ఇళ్లూ ఆ మాట మీద నడిచేవి. నేను ఆ ఊరి బడిపంతులుగా పద్దెనిమిదేళ్లు పనిచేసి, చదువు రాని వారందరి కాగితాలూ చదివి పెట్టేవాణ్ణి. అంజన్నకు అక్షరం రాదు. కానీ కొర్రమట్టను గురించి అతనికి తెలిసినది తరువాత నేను తెప్పించి చదివిన మూడు గ్రంథాలలోనూ నాకు పూర్తిగా దొరకలేదు.

ఈ చేపకు మొప్పలు మాత్రమే చాలవు. మొప్పల పైన గాలిని నిలుపుకునే గది ఒకటి ఉంటుంది. మాటిమాటికీ నీటిపైకి వచ్చి గాలి మింగిపోవాలి. నీటిలో అదిమిపెడితే చేపే అయినా ఊపిరాడక చస్తుంది. గాలి పీల్చే ఈ గుణం వల్లనే మూడేళ్లకొకసారి చైత్రంలో మా చెరువు ఎండినప్పుడు అది బురదలోకి దిగి, తడి ఆరనంతవరకు బతికి ఉండేది. మిగతా చేపలు తేలిపోయిన ఆ రోజుల్లో బెస్తవాడ పొయ్యి వెలిగేది ఆ బురదను తవ్వుకునే.

దాని సంసారం మరీ వింత. ఆరుద్ర కార్తెలో కొత్త నీరు చేరగానే జంట ఒకటి తుంగ మధ్య మూరెడు జాగా ఎంచుకుని, నోటితో, తోకతో నాచు తొలగించి గుండ్రంగా గూడు చేస్తుంది. గుడ్లు తేనె రంగులో నీటిమీద తేలుతాయి. ఒకటిన్నర రోజులో పిల్లలవుతాయి. ఎర్రటి పిల్లలు, వేలకొద్దీ, ఒక బంతిలాగా కలిసి తిరుగుతాయి. గాలికోసం అవి ఒక్కసారిగా పైకి వచ్చినప్పుడు ఆ మేరకే చినుకులు పడుతున్నట్టు నీరు చిటపటలాడుతుంది. ఆ బంతి కింద ఒక పెద్ద చేప నిలిచి ఉంటుంది. నెల దాకా కదలదు. కప్ప వచ్చినా, పాము వచ్చినా, మనిషి వేలు పెట్టినా మీద పడుతుంది. అలా నిలిచేది తండ్రి అని అంజన్న చెప్పేవాడు. వలలో పడి చచ్చిన కాపలా చేపలను కోసి చూశాడు. ఎన్నడూ గుడ్లసంచి కనిపించలేదు.

ఈ సంగతి మీద అతని ఇంట్లో ఎప్పుడూ రభసే. ఒకనాడు నేను వాళ్ల అరుగు మీద ఉండగానే భార్య జానమ్మ అందుకుంది.

"ఆ చేప మొగోడు నెలదినాలు పిల్లల్ని ఇడువకుండ కాస్తడంట పంతులూ. గీ మొగోణ్ణి అడుగు, ముగ్గురు పిల్లల్ల ఒక్కదానికన్న ముక్కు తుడిసిండా?"

"నాకు దానంత తీరిక యాడిది?" అన్నాడు అంజన్న.

"కట్టమీద కూసోని దాని దిక్కు చూసెటందుకైతే ఉంటది తీరిక!"

మా బెస్తవాడలో ఒక ఆచారం ఉండేది. పురుడు పోసుకున్న ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు కదా. అట్లాగే ఎర్రపిల్లల బంతి ఎవరికంట పడితే వారు ఆ పక్కన నీటిలో ఒక వేపకొమ్మను గుచ్చేవారు. ఆ కొమ్మకు పది బారల లోపల వల పడకూడదు, గాలం పడకూడదు. ఆకులన్నీ రాలేసరికి పిల్లలు చెదిరిపోయేవి. అప్పుడు కొమ్మ తీసేవారు. కొమ్మ చూసి కూడా వల వేసినవాణ్ణి వాడ వాళ్లు పంక్తిలో కూర్చోనిచ్చేవారు కారు. అది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు. ఏ కాగితమూ లేకుండా ఇరవై రెండు ఇళ్లు దానికి తలవంచాయి.

1961 మృగశిరలో జిల్లా కేంద్రం నుంచి చేపల పెంపకం పథకం అధికారి ఒకరు జీపులో వచ్చారు. పేరు రాయను, ఆయన పిల్లలు ఎక్కడో బతుకుతున్నారు. మర్యాదస్తుడు, కోస్తా మాట. చెరువులో రవ్వ, బొచ్చె చేపల పిల్లలను వదులుతామని, వాడకంతా లాభమని చెప్పారు. అంజన్న సంతోషించాడు. తనకు తెలిసినదంతా గట్టు మీద నడుస్తూ చెప్పాడు.

"పిల్లల్ని కాచేది తల్లే కదయ్యా?" అన్నారు అధికారి.

"కాదు సారు, అయ్య."

ఆయన జీపు డ్రైవరు వైపు తిరిగి, "విన్నావా? ఈ ఊళ్లో మగాళ్లే పిల్లల్ని ఆడిస్తారట!" అని నవ్వారు. అంజన్న కూడా నవ్వాడు. తరువాత వేపకొమ్మల ఆచారం చెప్పాడు. ఆ మాట దగ్గర అధికారి నవ్వు ఆపి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు.

జూన్ 24 తేదీతో ఆ అధికారి నుంచి నాకు ఉత్తరం వచ్చింది. అదీ ఉంది. "కొర్రమట్ట సంతానోత్పత్తి అధ్యయనార్థం తుమ్మలచెరువులోని గూళ్లన్నింటిని గుర్తింపజేసి, నక్షా పంపగలరు." అంజన్నకు చదివి వినిపించాను.

"అధ్యయనమంటే ఏంది పంతులూ?"

"చూసి తెలుసుకోవడం."

"ముట్టరు గద?"

"చూసేవాళ్లు ముట్టడమెందుకు?" అన్నాను.

అక్కడే ఉన్న లింగయ్యకు ఇది నచ్చలేదు. లింగయ్య జానమ్మ తమ్ముడు. నోటి దురుసు ఉన్నా పని దొంగ కాడు. "బావా, మన చెరువుల ఏ మూలకు ఏమున్నదో వాళ్లకెందుకు? సర్కారోడు లెక్క తీసిండంటె ఇంక అది మనది కాదు," అన్నాడు.

"నీకు అన్నిటికీ అనుమానమే. సర్కారు కాగితమురా అది. దానిమీద మొహరున్నది."

ఆరు రోజులు అంజన్న తెప్ప మీద తిరిగాడు. ఏ తుంగలో ఏ జంట ఉన్నదో వెతికి వెతికి ముప్పైయొక్క కొమ్మలు గుచ్చాడు. అంతకు మునుపు ఏడాదికి ఎనిమిదో పదో కొమ్మలు కనిపించేవి. ఎవరి కంటా పడనివి నీటిలో వాటి మానాన అవి ఉండేవి. ఈసారి ఒక్కటీ మిగలలేదు. సాయంత్రాలు నా దగ్గర కూర్చుని తూము నుంచి ఎన్ని బారలు, అలుగు పారే మత్తడి నుంచి ఎన్ని బారలు అని చెబుతుంటే నేను నక్షా గీశాను. దాని నకలు నా దగ్గర ఉంది. గీతలు నావి.

పునర్వసు కార్తెలో ఒక తెల్లవారుజామున గోపమ్మ అనే ముసలావిడ, కట్ట మీదికి పోయినది, కేకలు వేస్తూ వచ్చింది.

"ఓ అంజన్నా! నీ సుట్టాలొచ్చిన్రు! కొమ్మ కొమ్మ కాడ ఒక్కొక్కడు కూసున్నడు!"

అధికారి ఒడ్డున కుర్చీలో ఉన్నారు. మూడు తెప్పల మీద గాలాలు వేసే పరాయి ఊరివాళ్లు. వారి పని చూసినవారు మరిచిపోలేరు. బతికిన కప్పపిల్లను గాలానికి గుచ్చి, ఎర్రపిల్లల బంతి మధ్యలో ఆడిస్తారు. కింద కాపలా ఉన్నది ఆకలితో కాదు, తరిమేందుకు ఆ కప్ప మీదికి దూకుతుంది. తప్పిపోయే గాలం ఉండదు. మేము వెళ్లేసరికి తొమ్మిది చేపలు గడ్డి మీద కొట్టుకుంటున్నాయి. తండ్రి పోయిన చోట పిల్లలు మళ్లీ మళ్లీ అక్కడికే పైకి వస్తున్నాయి. జెల్లచేపలు, కప్పలు కింద నుంచి అందుకుంటున్నాయి.

"సారు, చూస్తమంటిరి గద!" అన్నాడు అంజన్న.

"చూశాం కదయ్యా. రవ్వ పిల్లల్ని వదలాలంటే ముందు ఈ మాంసాహారిని తీసెయ్యాలి. తల్లుల్ని తీస్తే సంతానం దానంతటదే పోతుంది. తెలివైన పద్ధతి, నువ్వు చెప్పిందే."

ఆ వాదంలో నిజం లేకపోలేదు. కొర్రమట్ట చిన్న చేపలను తింటుంది. అంజన్న ఎన్నడూ కాదనలేదు. కానీ అడగవలసిన మాట ఒకటి ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు: చెరువు ఎండిన ఏట ఈ ఇరవై రెండు ఇళ్లు ఏమి తవ్వుకోవాలి?

అంజన్న గడ్డిమీద ఒక చేపను తీసుకుని, మొలలోని కత్తితో కడుపు చీల్చి, ఆయన కాళ్ల ముందు పరిచాడు. రెండోది చీల్చాడు. మూడోది. గుడ్లసంచి లేదు.

"చూడు సారు. అయ్యలు. గివి అయ్యలు."

అధికారి కొంచెం వంగి చూశారు. చూశారనడానికి నేనే సాక్షిని. "సరే, ఏదైతేనేం," అని కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

అంజన్న నీటిలో దూకాడు. యాభై ఏళ్ల మనిషి, ఈదుకుంటూ ఒక్కొక్క కొమ్మనూ పెరికి పారేయసాగాడు. కొమ్మ లేకపోతే గూడు దొరకదని అతని ఆశ. పన్నెండు కొమ్మలు పెరికాడు. అప్పుడు ఒడ్డున గుమాస్తా నా నక్షాను మోకాలి మీద పరిచి, "తూముకు ఎడమగా ఇరవై బారలు!" అని అరిచాడు. తెప్ప అటే తిరిగింది.

మూడు రోజులలో ఇరవై ఎనిమిది చేపలు. మిగిలిన మూడు ఏమయ్యాయో తెలియదు.

నేను ఆ ఏడాది నాలుగు అర్జీలు పంపాను. మూడింటికి రసీదులున్నాయి, ఒకదానికి జవాబుంది: "విషయము గమనించడమైనది." అంజన్న అర్జీల మీద వేలిముద్ర వేయలేదు. నా మీద ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

వాడ మాత్రం అతణ్ణి విడిచిపెట్టలేదు. అతను గూళ్లు అమ్ముకున్నాడని కొందరు, మొహరు చూసి మురిశాడని కొందరు. పంక్తిలో నుంచి లేపలేదు కానీ, వల దించేముందు అతని గుమ్మానికి రావడం మానేశారు. పెద్దరికం పోయిందని ఎవరూ చెప్పలేదు. ఒకనాడు అతణ్ణి అడగకుండానే ఏడు తెప్పలు నీటిలోకి దిగాయి. జానమ్మ గడపలో నిలబడి వాటిని చూసి, లోపలికి వచ్చి, అన్నం వడ్డించింది. ఆ ఏడాది ఆమె అతణ్ణి ఎగతాళి చేయగా నేను వినలేదు.

మరుసటి ఏడు ఆరుద్రలో ఒక్క కొమ్మ కూడా గుచ్చలేదు. గుచ్చితే దొరికిపోతుందని వాడంతా నేర్చుకున్నది. ఒక పొద్దున నేను, అంజన్న కట్టమీద ఉండగా లింగయ్య వల లాగాడు. వలలో పెద్ద కొర్రమట్ట ఒకటి. దాని చుట్టూ వల కళ్ల నిండా ఎర్రపిల్లలు చిక్కుకుని మెరుస్తున్నాయి.

"కొమ్మ లేకపాయె. నాకేం ఎరుక బావా," అన్నాడు లింగయ్య.

"కొమ్మ పెట్టకుర్రి అన్నది నువ్వే గద."

"పెడితె వాళ్లు పట్టుకపోతుండె. గిప్పుడు నేను పట్టిన. నీకు దేంతోని బాధ?"

లింగయ్య చేపను మొప్పల దగ్గర తాడుకు గుచ్చి, వల అక్కడే పడేసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. అంజన్న మోకాళ్ల లోతు నీటిలో కూర్చున్నాడు. వల కళ్లలోంచి బతికిన పిల్లలను గోటితో ఒక్కొక్కటిగా తప్పించి నీటిలో వదలసాగాడు. అతని మోకాళ్ల దగ్గర జెల్లలు మూగాయి. అవి ఎందుకు మూగాయో ఆ చెరువులో అతనికంటే బాగా తెలిసినవారు లేరు. పొద్దెక్కేదాకా వదులుతూనే ఉన్నాడు.