మామయ్యకు మాట లేమి

మా మామయ్యకు లేమి అంటే పిచ్చి. లోకమంతా ఏదో ఒకటి లేదని ఏడుస్తుంటే, ఆయన ఉన్నవాటినే లేకుండా చేసుకుని మురిసిపోతాడు. ఓ వారం దిండు లేమి, మరో వారం చెప్పుల లేమి. కుర్చీ లేమి అంటూ నిలబడి భోంచేస్తుంటే అత్తయ్య, "వడ్డించేదాన్ని కూడా లేకుండా చేసుకో, ముచ్చట తీరుతుంది!" అని గరిటె పడేసి పోయింది.

"లేమి అంటే లేకపోవడమేగా మామయ్యా?" అన్నాను.

"కాదురా మొద్దూ! నీకు తోక లేదు. అది ఉత్త లేకపోవడం. బుర్ర లేదు చూడు, అది లేమి. ఉండాల్సింది లేకపోతేనే ఆ మాట వాడాలి."

"నాకేం బాధగా లేదే?"

"మేం పడుతున్నాంగా!"

నాకు తల తిరిగిపోయింది.

మేమిద్దరం ఒకే టైలర్ షాపులో పనిచేస్తాం. ఆయన కటింగ్ మాస్టర్, నేను మిషన్ మీద. మూలన కూర్చుని కాజాలు, గుండీలు కుట్టే అక్కకు ఈమధ్య బొత్తిగా వినపడటం లేదు. గుండీలు మార్చమని ఓనరు అరిచినా పాతవే కుట్టేస్తోంది. "ఈ నెలాఖరు దాకా చూస్తా. ఆ తర్వాత వేరేవాళ్లని పెట్టుకుంటా" అనేశాడాయన. ఆవిడ జీతంతోనే ఆ ఇల్లు గడుస్తుంది. మా మొహాలు చూసి విషయం గ్రహించి, పాపం తల దించుకుంది.

ఆ సాయంత్రమే మామయ్య, "రేపట్నుంచి నాకు మాట లేమి. నేను మాట్లాడను, ఎవరు మాట్లాడినా వినను. చెప్పేదేదో చేత్తో చెప్పండి" అని ప్రకటించాడు.

నాకు ఒళ్లు మండింది. అక్క తరఫున ఓనరుతో మాట్లాడగలిగేది ఈయనొక్కడే. సమయానికి ఈ వేషమేమిటి!

"మాస్టారూ, కోటు రేపటికివ్వాలి!" అని మర్నాడు ఓనరు గొంతు చించుకున్నాడు. మామయ్య గోడవైపు తిరిగాడు. ఆయనలా కోటు కత్తిరించేవాడు మరొకడు లేడు కాబట్టి ఓనరే దిగొచ్చాడు. కాలరంటే మెడ పట్టుకున్నాడు, చేతులు కురచ చేయాలంటే మోచెయ్యి నరుక్కున్నట్టు చూపించాడు. కొట్టుకుంటున్నారనుకుని ఓ కస్టమర్ గుమ్మంలోంచే పారిపోయాడు. చివరికి అందరం చేతులూపడం మొదలుపెట్టాం. ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు.

ఓ రోజు అదే అలవాటులో ఓనరు అక్క ముందు గుండీ పెట్టి, అడ్డంగా చెయ్యి ఊపి, ఇంకోటి చూపించాడు. ఆవిడ తలాడించి చక్కగా మార్చి కుట్టేసింది. ఆయన నోరు తెరిచాడు. "ఇన్నాళ్లూ ఈవిడకి అరిచి చెప్పానేంటయ్యా!"

మామయ్య మాట లేమి ఎవరి కోసమో అప్పుడు వెలిగింది నాకు. నెలాఖరు వచ్చింది, పోయింది. అక్కను పొమ్మన్నవాళ్లు లేరు. మామయ్య మీద నాకెంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

ఆ తర్వాత ఓ రోజు అక్క ఆయన బల్ల దగ్గరికొచ్చి, కళ్లు మెరుస్తుండగా గబగబా చేతులతో ఏదేదో చెప్పింది. మామయ్య అయోమయంగా నావైపు చూసి, "ఏమంటోందిరా?" అని పైకే అనేశాడు.

"నాకూ తెలీలేదు మామయ్యా."

అక్క పకపకా నవ్వి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి, మొదట్నుంచీ నెమ్మదిగా మళ్లీ చెప్పింది.